రెండుమారులు కూడిన లెక్క

పెద్ద బజారులలోని పాత దుకాణములందు గుమాస్తాలకు ఒక అలవాటు ఉండెడిది. చిట్టాలోని పద్దులను పైనుండి క్రిందికి కూడి మొత్తము వేసిన పిమ్మట, ఆ మొత్తమును అరచేతితో కప్పి, అవే పద్దులను క్రిందినుండి పైకి మరల కూడెడివారు. రెండు మొత్తములును కలిసిననాడు పుస్తకము కట్టి ఇంటికి పోయెడివారు. కలియనినాడు దీపము పెట్టుకొని కూర్చుండెడివారు. రెండవమారు కూడ పైనుండి క్రిందికే ఏల కూడరాదు? ఒకమారు ఏడును ఒకటిగా చదివిన కన్ను, అదే వరుసలో పోయినచో మరల ఒకటిగానే చదువును. దారి మారినగాని తప్పు బయటపడదు. ఈ చిన్న సంగతిని మనసున ఉంచుకొని, రెండువేల ఏండ్లకు పైగా సాగుచున్న ఒక పెద్ద లెక్క కథను నేడు మనము చెప్పుకొందము.

ఆ లెక్క వృత్తమునకు సంబంధించినది. అయిదు అడుగుల వ్యాసము గల బండిచక్రమునకు ఇనుపపట్టా వేయవలెననిన ఎంత పొడవు పట్టా కావలెను? వ్యాసమునకు మూడు రెట్లనుకొని పదునైదు అడుగుల పట్టా తెచ్చినచో, రెండు కొసల నడుమ ఇంచుమించు ఎనిమిదిన్నర అంగుళముల ఎడము మిగిలిపోవును. పరిధి వ్యాసమునకు మూడురెట్ల కంటె కొంచెము ఎక్కువ. ఆ ‘కొంచెము’ ఎంత అన్నదే ప్రశ్న. చక్రము పెద్దదైనను, చేతిగాజంత చిన్నదైనను ఈ నిష్పత్తి ఒక్కటే. 1706లో విలియం జోన్సు అను వేల్సు దేశీయుడు దీనికి ‘పై’ అను గ్రీకు అక్షరమును గుర్తుగా వాడినాడు. నాటి నుండి ఆ పేరు నిలిచినది. ఈ సంఖ్య 3.14159 అని మొదలై, దశాంశస్థానములలో అంతము లేక సాగిపోవును. ఒకే వరుస అంకెలు తిరిగి తిరిగి వచ్చుట కూడ ఇందు లేదు. కావున దీనిని పూర్తిగా వ్రాసినవాడు లేడు, వ్రాయగలవాడును లేడు. ఎవరైనను చేయగలిగినది దగ్గరకు పోవుటయే.

దగ్గరకు పోయిన వారిలో ఆర్కిమిడీసు పేరు మొదట చెప్పవలెను. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఆయన వృత్తమునకు లోపల ఒకటి, వెలుపల ఒకటిగా 96 భుజముల ఆకృతులను ఊహించి, వాని చుట్టుకొలతలను లెక్కించినాడు. లోపలిది పరిధికంటె చిన్నది, వెలుపలిది పెద్దది. నిజము ఆ రెండింటి నడుమ ఉండి తీరవలెను. ఈ విధముగా ‘పై’ విలువ మూడున్నూ డెబ్బదియొకటింట పది భాగములకంటె ఎక్కువ, మూడున్నూ ఏడింట ఒక భాగముకంటె తక్కువ అని ఆయన తేల్చినాడు. ఇందు మనము గమనింపదగినది ఆ విలువ మాత్రమే కాదు. నిజమును రెండు వైపులనుండి పట్టుకొనవలెనను బుద్ధి ఇందు కలదు.

మన దేశమున 499వ సంవత్సరమున, ఇరువదిమూడేండ్ల వయసులో, ఆర్యభటుడు 20,000 వ్యాసము గల వృత్తమునకు పరిధి 62,832 అని చెప్పినాడు. భాగించి చూచిన 3.1416 వచ్చును. అంతకంటె మెచ్చదగినది ఆయన దానికి ‘ఆసన్నము’ అను విశేషణమును జోడించుట. ఆసన్నమనగా దగ్గరిది, కచ్చితమైనది కాదు అని ఆయనయే హెచ్చరించినాడన్నమాట. తొమ్మిదవ శతాబ్దమునాటి మహావీరాచార్యుడు స్థూలమైన లెక్కకు 3ను, సూక్ష్మమైన లెక్కకు 10 యొక్క వర్గమూలమును వాడుమన్నాడు. ఆయన గ్రంథమునే మన పావులూరి మల్లన తెలుగుపద్యములలోనికి తెచ్చినాడు. పదియొక్క వర్గమూలము 3.162, ఆర్యభటుని విలువకంటె ఇది దూరము. శాస్త్రము ఎల్లప్పుడును ముందుకే నడచుననుకొనరాదు. ఒక్కొక్కప్పుడు చేతికందిన మంచిని విడిచి అవతలికి పోవుటయు కలదు.

ఆ పిమ్మట అసలైన మలుపు కేరళదేశమున వచ్చినది. పదునాలుగవ శతాబ్దము మధ్యభాగమున పుట్టిన సంగమగ్రామ మాధవుడు భుజములను లెక్కించుట మాని, అంతులేని కూడిక తీసివేతల వరుస నొకదానిని కనుగొన్నాడు. ఒకటి నుండి మూడింట ఒకటి తీసివేయవలెను. అయిదింట ఒకటి కలుపవలెను. ఏడింట ఒకటి తీసివేయవలెను. తొమ్మిదింట ఒకటి కలుపవలెను. ఇట్లు బేసిసంఖ్యలతో పోయినకొలదియు ‘పై’లో నాలుగవ వంతునకు చేరువగుదుము. ఐరోపాలో గ్రెగరీ, లైబ్నిట్జు అను పండితులు దీనిని మరల కనుగొన్నది 1670ల దశకమున. మాధవుని పరంపరలోని జ్యేష్ఠదేవుడు పదునారవ శతాబ్దమున ‘యుక్తిభాష’ యందు దీని ఉపపత్తిని మలయాళమున విడమరచి వ్రాసినాడు.

ఈ శ్రేఢి చూచుటకు ఎంత అందమైనదో, నడచుటకు అంత మందమైనది. నేడు ఇంటనున్న కంప్యూటరులో అయిదారు పంక్తుల ప్రోగ్రాము వ్రాసి ఎవరైనను దీనిని పరీక్షింపవచ్చును. మేమును చేసి చూచితిమి. పది పదములు కూడి నాలుగుచే గుణించిన 3.0418 వచ్చినది, ఇది మూడుకంటె కొంచెము మెరుగు, అంతే. వేయి పదములు కూడినను 3.1405 దగ్గర నిలిచినది. మూడవ దశాంశస్థానమే తప్పు. కంప్యూటరు లేని మాధవుడు దీనితో ఏమి చేయగలిగెనని అడుగవచ్చును. ఆయన ఆగినచోట మిగిలిపోయిన కొరత ఎంత ఉండునో అంచనా కట్టి, దానిని సవరించు పద్ధతులను చెప్పినాడు. వానిలో ఒకటి ఇది: ఎన్ని పదములు కూడితిమో ఆ సంఖ్యను, దాని వర్గమునకు నాలుగురెట్లు చేసి ఒకటి కలిపిన సంఖ్యచే భాగింపవలెను. పది పదములకైనచో పదిని 401చే భాగింపవలెను. ఆ వచ్చిన దానిని నాలుగుచే గుణించి మన 3.0418కు చేర్చిన ఏమగును? 3.14159 అగును! ఆరవ దశాంశస్థానమున గాని తేడా లేదు. సవరణ లేక ఇంత దగ్గరకు రావలెననిన నాలుగు లక్షలకు పైగా పదములు కూడవలెను. మాధవుని పేర ప్రసిద్ధమైన విలువ పది దశాంశస్థానములవరకు సరియైనది. యంత్రబలము లేనిచోట బుద్ధిబలము ఎంత పని చేయునో చూపుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇప్పుడు ఇంగ్లండునకు పోవుదము. 1706లో జాన్ మేచిన్ అను గణితశాస్త్రజ్ఞుడు ఇటువంటి శ్రేఢినే వేగముగా నడిచెడి రెండు శ్రేఢులుగా మార్చినాడు. ఒకదానిలో అయిదింట ఒకటి, వేరొకదానిలో 239వ వంతు, తమ ఘాతములతో వచ్చును. అడుగడుగునకు పదములు చిక్కిపోవును గనుక కొద్దిపాటి పదములతోనే ఎక్కువ అంకెలు దొరకును. ఈ సూత్రముతో ఆయన 100 దశాంశస్థానములను లెక్కించినాడు. ఆ తరువాత రెండున్నర శతాబ్దములపాటు ‘పై’ని వెంబడించినవారిలో పెక్కుమంది మేచిన్ వేసిన బాటనో, దాని ప్రక్కబాటనో పట్టినవారే.

వారిలో విలియం షాంక్సు ఒకడు. ఈయన 1812లో జన్మించినాడు. ఇంగ్లండు ఉత్తరభాగమున డర్హాము మండలములోని హౌటన్-లె-స్ప్రింగు అను చిన్న ఊరిలో బడి నడుపుకొనెడివాడు. ఆయనకు గొప్ప ఆస్థానము లేదు, సహాయకులు లేరు. కాగితము, కలము, ఓపిక ఆయన సాధనములు. మేచిన్ సూత్రముతో ఆయన 1853 నాటికి 607 దశాంశస్థానములను లెక్కించి పుస్తకముగా ప్రకటించినాడు. అదే కాలమున వూలిచ్‌లోని రాజసైనిక విద్యాలయమున గణితము చెప్పిన విలియం రూథర్‌ఫర్డు తానుగా 440 స్థానముల వరకు లెక్కించినాడు. ఇరువురి అంకెలు అంతవరకు కలిసినవి. అంతకు మీది అంకెలకు సాక్షి షాంక్సు ఒక్కడే. ఇరువది ఏండ్ల తరువాత, 1873లో, ఆయన తన లెక్కను 707 స్థానముల వరకు పొడిగించినాడు.

అన్ని అంకెలతో ఎవరికి ఏమి పని యని కొందరు అడుగవచ్చును. నేడు అంతరిక్షనౌకలను గ్రహములకు పంపునట్టి అమెరికా సంస్థ నాసా వారికి కూడ తమ అత్యంత సూక్ష్మమైన లెక్కలకు 15 దశాంశస్థానములు చాలునట. షాంక్సు పని ఉపయోగము కొరకు చేసినది కాదు. కొండ ఎక్కెడివాడు శిఖరమున కూరగాయలు పండునని ఎక్కడు గదా. అయినను ఆ పనిలో ఒక విన్నపము దాగియున్నది: ‘నేను చెప్పిన అంకెలను నమ్ముడు’ అనునది ఆ విన్నపము. లోకము నమ్మినది. పుస్తకములు ఆ అంకెలను అచ్చువేసుకొన్నవి. 1937లో పారిసు నగరమున నెలకొల్పిన వైజ్ఞానిక ప్రదర్శనశాలయందు ఒక గుండ్రని గదిలో గోపురము చుట్టును పెద్ద పెద్ద అక్షరములతో ఆ 707 అంకెలను నిలిపినారు. డర్హాము మండలపు బడిపంతులు చేతివ్రాత పారిసు గోపురమునకు ఎక్కినది.

కాని ఆ అంకెలలో 527 మాత్రమే సరియైనవి. 528వ అంకె తప్పు. ఒక అంకె తప్పిన పిమ్మట వెనుకవచ్చునవి నిలువవు. కావున అచ్చటినుండి చివరివరకు 180 అంకెలు వ్యర్థములే. 440 వరకు రూథర్‌ఫర్డు లెక్క కాపాడినది. రెండవ మనిషి నడవని దారిలోనే గోయి ఉన్నది.

సూచన లేకపోలేదు. అగస్టసు డి మోర్గన్ అను ప్రఖ్యాత గణితాచార్యుడు షాంక్సు ప్రకటించిన మొదటి ఆరువందల పైచిలుకు అంకెలలో ఏ అంకె ఎన్నిమారులు వచ్చినదో లెక్కపెట్టి చూచినాడు. సగటున ఒక్కొక్కటి 60 పైచిలుకు మారులు రావలసియుండగా, ఏడు మాత్రము 44 మారులే వచ్చినది. ఇది విచిత్రమని ఆయన వ్రాసినాడు. విచిత్రమని చదివినవారు మరల లెక్క వేయలేదు. అది అంత తేలికపని కాదు మరి. అంత ఓపిక మరియొకరికి ఉండవలెను గదా. షాంక్సు 1882లో మరణించినాడు. తన అంకెలు తప్పని ఆయనకు తెలియనే తెలియదు. అదే సంవత్సరమున జర్మనీలో లిండెమన్, వృత్తమునకు సమానమైన వైశాల్యము గల చతురస్రమును వృత్తలేఖినితోను కొలబద్దతోను గీయుట అసాధ్యమని నిరూపించినాడు.

రెండవ ప్రపంచయుద్ధము జరుగుచున్న దినములలో, 1944లో, డి. ఎఫ్. ఫెర్గుసన్ అను ఆంగ్లేయుడు ‘పై’ని మరల లెక్కింప పూనుకొన్నాడు. ఆయన మేచిన్ బాట పట్టలేదు. నాలుగింట ఒకటి, ఇరువదింట ఒకటి, 1,985వ వంతు అను మూడింటితో నడచెడి వేరొక సూత్రమును తీసికొన్నాడు. ఇది మన గుమాస్తా క్రిందినుండి పైకి కూడిన కూడిక వంటిది. 527 అంకెల వరకు ఇరువురును చేయి చేయి పట్టుకొని నడచినారు. 528వ దగ్గర విడిపోయినారు. తప్పు ఎవరిది? ఒకరి మాటకు ఎదురుగా వేరొకరి మాట నిలిచినప్పుడు మూడవ సాక్షి కావలెను. అమెరికాలో జాన్ రెంచ్, లెవీ స్మిత్ అనువారు మేచిన్ సూత్రముతోనే మొదటినుండి లెక్క వేసినారు. ఫెర్గుసన్ 1947 నాటికి బల్లమీది లెక్కయంత్రము సాయముతో 800 స్థానములు దాటినాడు. 1948 నాటికి ఇరుపక్షముల అంకెలు 808 వరకు సరిపోయినవి. మేచిన్ సూత్రమున దోషము లేదు. షాంక్సు నడకలోనే ఎచ్చటనో కాలు జారినది. పారిసు గోపురముమీది అంకెలను 1949లో దిద్దినారు. డెబ్బదియారేండ్లు నిలిచిన తప్పు అది.

ఆ 1949వ సంవత్సరముననే యంత్రము రంగమునకు వచ్చినది. పాతకాలపు రేడియో పెట్టెలను ఎరిగినవారికి వాని వెనుక ఎర్రగా వెలిగెడి అయిదారు వాల్వులు జ్ఞాపకముండును. అటువంటి వాల్వులు ఇంచుమించు 18,000 గల ‘ఎనియాక్’ అను గణనయంత్రము అమెరికాలోని ఎబర్డీన్ సైనిక పరిశోధనాలయమున ఉండెడిది. ఫిరంగిగుండ్ల గమనమును లెక్కించుటకు దానిని నిర్మించినారు. జాన్ ఫాన్ నాయ్‌మన్ అను మహాగణితజ్ఞుని ప్రేరణచే ‘పై’ అంకెల పంపకము ఎట్లున్నదో చూడవలెనని, జార్జి రైట్‌వీస్నరును ఆయన సహచరులును 1949 సెప్టెంబరులో సెలవుదినములు చూచుకొని ఈ పనికి పూనుకొన్నారు. ఆ మహాయంత్రము తన కడుపులో పట్టి ఉంచుకొనగలిగినది పదేసి అంకెల సంఖ్యలు ఇరువది మాత్రమే. కావున మధ్యలో వచ్చిన ఫలితములను చిల్లులు పొడిచిన అట్టలమీదికి దించి, ఆ అట్టలనే మరల యంత్రమునకు తినిపించుచు వచ్చినారు. 70 గంటలలో 2,037 దశాంశస్థానములు వచ్చినవి. వాడిన సూత్రము మేచిన్ మహాశయుడు 1706లో చెప్పినదే! షాంక్సు జీవితమున ఇరువది ఏండ్లకు పైగా నడిచిన పనికి మూడురెట్ల దూరమును యంత్రము మూడు దినములలో నడచినది.

యంత్రము వచ్చినది గనుక ఇక తప్పులుండవని అనుకొనుట సహజము. అది నిజము కాదని ఎనిమిదేండ్లలోనే తేలినది. 1957లో లండనులో ఫెల్టన్ అనునాయన ‘పెగాసస్’ అను గణనయంత్రముపై 33 గంటలు శ్రమించి 10,021 స్థానములను రాబట్టినాడు. వేరొక సూత్రముతో సరిచూచుకొనగా 7,480 వరకే అవి సరియైనవని బయటపడినది. తప్పు ఆయన సూత్రమున లేదు. యంత్రమే నడుమ తడబడినది. 1958లో మరల లెక్కవేసి మొత్తము 10,021ని సరిగా సాధించినాడు. షాంక్సు తప్పునకును, పెగాసస్ తప్పునకును భేదమేమి? మొదటిది బయటపడుటకు డెబ్బది ఏండ్లు పట్టినది. రెండవది, రెండవ దారిని పనిలో భాగముగా పెట్టుకొన్నందున, వెంటనే దొరికినది. మనిషియు తప్పును, యంత్రమును తప్పును. తప్పును పట్టు ఏర్పాటు ఉన్నదా లేదా అన్నదే ముఖ్యము.

ఆ ఏర్పాటు క్రమముగా ఆచారమైనది. 1961 జూలైలో డేనియల్ షాంక్సు, జాన్ రెంచ్ అనువారు ఐబిఎం 7090 యంత్రముతో 8 గంటల 43 నిమిషములలో 1,00,265 స్థానములను లెక్కించినారు. ఈ షాంక్సునకు పాత షాంక్సుతో చుట్టరికమేమియు లేదు. పేరు మాత్రము కలిసినది. రెంచ్ అన్ననో, ఫెర్గుసన్ అంకెలకు సాక్ష్యమిచ్చిన ఆయనయే. వారు ఒక సూత్రముతో లెక్కించి, గణితసార్వభౌముడైన గౌస్ చెప్పిన వేరొక సూత్రముతో సరిచూచి, రెండును కలిసిన తరువాతనే లోకమునకు ప్రకటించినారు. పాత షాంక్సు పేరునకు పట్టిన మచ్చను ఆ పేరుగల మరియొకడు కడిగినట్లైనది.

మన దక్షిణదేశపు ముద్ర కూడ ఈ కథలో మరల పడినది. మద్రాసు రేవుకార్యాలయమున గుమాస్తాగా పనిచేసి కేంబ్రిడ్జి చేరిన శ్రీనివాస రామానుజన్ 1914లో ‘పై’కి సంబంధించి పెక్కు కొత్త సూత్రములను ప్రకటించినాడు. వానిలో ఒకటి ఒక్కొక్క పదమునకు ఇంచుమించు ఎనిమిదేసి అంకెల చొప్పున ఇచ్చును. డెబ్బదియొక్క ఏండ్లకు, 1985లో, అమెరికాలో బిల్ గాస్పరు దానినే ప్రోగ్రాముగా వ్రాసి కోటి డెబ్బదియైదు లక్షలకు పైగా అంకెలను రాబట్టినాడు. అప్పటికి ఆ సూత్రమునకు పూర్తి నిరూపణము ప్రకటితము కాలేదు. జపానులో కనడా బృందము వేరొక దారిని అంతకుముందే లెక్కించిన అంకెలతో ఇవి కలియుటయే సూత్రము సరియైనదనుటకు బలమైన సాక్ష్యమైనది. 1987లో బోర్వైన్ సోదరులు నిరూపణమును ప్రకటించినారు. వెనుక సూత్రము అంకెలకు సాక్ష్యమిచ్చెడిది. ఇచ్చట అంకెలే సూత్రమునకు సాక్ష్యమిచ్చినవి. 2022లో ఎమ్మా హరుక ఇవావో అను జపాను వనిత గూగులు సంస్థ యంత్రములతో ఇంచుమించు 158 దినములలో కోటి కోట్ల అంకెలను లెక్కించినది. ఆ అంకెలలో చివరివానిని, ముందువానిని లెక్కింపకయే దూరముననున్న అంకెను నేరుగా చూపగల వేరొక సూత్రముతో సరిచూచినారు. కోటి కోట్లకు పోయినను గుమాస్తాగారి నియమము తప్పలేదు.

ఇంత దూరము వచ్చినాము గనుక మా ఇంటిలోని చిన్న లెక్క ఒకటి చెప్పి ముగింతుము. నేడు బ్యాంకు ఖాతాలు, రేషను కార్డులు, విద్యుచ్ఛక్తి బిల్లులు అన్నియు ‘డేటాబేసు’ అను పెద్ద పట్టికలలో ఉన్నవి. ఆ పట్టికను ఒక వాక్యముతో ప్రశ్నించిన అది జవాబు చెప్పును. అట్టి ప్రశ్నతో ‘పై’ని రాబట్టగలమా యని మాకు కుతూహలము కలిగినది. ఋణము 100 నుండి ధనము 100 వరకు గల 201 పూర్ణాంకములతో ఒక పట్టిక కట్టితిమి. ఆ పట్టికను దానితోనే జతపరచిన 40,401 జంటలు వచ్చును. ఒక్కొక్క జంట గళ్ళకాగితముపై ఒక్కొక్క చుక్క అనుకొనుడు. 100 వ్యాసార్ధము గల వృత్తములో ఎన్ని చుక్కలు పడినవో లెక్కించి 10,000చే భాగించిన ‘పై’కి దగ్గరగా రావలెను. ‘రెండంకెల వర్గముల మొత్తము 10,000కు లోపలనున్న జంటలు ఎన్ని?’ అని పట్టికను అడిగితిమి. రెప్పపాటులో జవాబు వచ్చినది: 31,397. అనగా 3.1397. ఫరవాలేదు, గళ్ళు పెద్దవి గనుక ఇంతే వచ్చునని తృప్తిపడితిమి.

మరునాడు గుమాస్తాగారి అలవాటు జ్ఞప్తికి వచ్చినది. ఈమారు యంత్రమును అడుగక, వృత్తములో ఒక పావుభాగమును మాత్రము తీసికొని, వరుస వరుసకు ఎన్ని చుక్కలు పట్టునో కాగితముపై వేసికొంటిమి. ఒక పావునకు 7,854 వచ్చినవి. నాలుగుచే గుణించి నడిమి చుక్కను కలిపిన 31,417. అనగా 3.1417! రెంటికిని తేడా సరిగా 20. ఆ ఇరువది చుక్కలు ఎవరివి? వెదకగా అవి సరిగా గీతమీదనే నిలిచినవి: వందయు సున్నయు, తొంబదియారును ఇరువదియెనిమిదియు, ఎనుబదియు అరువదియు, వాని తోబుట్టువులు. మొదటి ప్రశ్నయందు మేము ‘లోపలనున్నవి’ అని అడిగితిమే గాని ‘గీతమీదివి కూడ’ అని అడుగలేదు. యంత్రము మేము అడిగినదానికి సరియైన జవాబే చెప్పినది. అడుగుటయే మేము తప్పు అడిగితిమి. ఒక్క గుర్తు లోపించినందున ఇరువది చుక్కలు వృత్తము గడప దగ్గరనే నిలిచిపోయినవి.

అది మా ఆటలెక్క గనుక ఎవరికిని నష్టము లేదు. కాని అట్టి గీతమీదనే నిలిచిన మనుష్యులు అసలు పట్టికలలో ఉందురు. అరువది ఏండ్లు నిండినవారు అనుటకును, అరువది దాటినవారు అనుటకును భేదము ఒక్క గుర్తే. ఆ గుర్తువలన పింఛను అందని ముసలివారు ఉండవచ్చును. కంప్యూటరు చెప్పినది గనుక ఇక తిరుగులేదను మాట మనము నేడు తరచు వినుచున్నాము. షాంక్సు 707 అంకెలకు కూడ ఒకనాడు తిరుగులేదనియే అనుకొన్నారు.

విలియం షాంక్సును చూచి నవ్వుట న్యాయము కాదు. 527 అంకెలను ఆయన చేతితో సరిగా లెక్కించినాడు. ఆయన కాలమున అంత దూరము సరిగా నడచినవాడు వేరొకడు లేడు. ఆయనకు లోపించినది శ్రద్ధ కాదు. చివరి భాగమున ఆయన ప్రక్కన వేరొక దారిలో నడచెడి ఒక తోడు. ఆర్యభటుడు ‘ఆసన్నము’ అని హెచ్చరించినదియు, మాధవుడు కొరతను కొలిచి సవరించినదియు, ఫెర్గుసన్ కొత్త బాట పట్టినదియు ఒక్క బుద్ధి చేతనే: మన లెక్క మనకు ఎంత ముద్దైనదైనను, దానిని మరియొక కంటితో చూడవలెను. పాత దుకాణములోని గుమాస్తాకు ‘పై’ అనిన ఏమో తెలియకపోవచ్చును. కాని మొత్తమును అరచేతితో కప్పి, క్రిందినుండి పైకి మరల కూడుట ఆయనకు తెలియును.